రెండుసార్లు పడిన పేరు

ఒకేలా ఉన్న రెండు వరసల్లో ఒకదాన్ని తీసిపారెయ్యడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం, ఎందుకు తీసేశారని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకోవడం. కంపెనీ హైదరాబాదులో ఉంది. నేను మాత్రం అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి పడమటి గదిలో కూర్చుని పనిచేస్తాను. ఎక్కడెక్కడి మిషన్లూ రోజంతా రాసి పారేసిన ఫైళ్ళు నా దగ్గరికి వస్తాయి. నల్లటి తెర మీద చిన్న చిన్న కమాండ్లు కొట్టి, చెత్త ఏరి, కావలసింది పైకి తీస్తాను. మా అమ్మ లెక్కలో ఇది బియ్యంలో రాళ్ళు ఏరడం. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే బియ్యం ఏరినందుకు ఆవిడకి ఎవరూ జీతం ఇవ్వలేదు.

గ్రెప్ అనే కమాండుకి ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న వరసలన్నీ వెతికి చూపిస్తుంది. సెడ్ మార్చమన్నచోట మారుస్తుంది. సార్ట్ అన్నిటినీ అక్షరాల వరసలో పేరుస్తుంది. యునీక్ అనేది పక్కపక్కన ఒకేలా ఉన్న వరసల్లో ఒక్కటి ఉంచి మిగతావి మింగేస్తుంది. కాలవలోంచి బోదెలోకి, బోదెలోంచి మడిలోకి నీళ్ళు మళ్ళించినట్టు ఒకదానిలోంచి వచ్చినదాన్ని ఇంకోదానిలోకి పంపొచ్చు. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా తెచ్చే గొడవ యునీక్‌ది. "మేడమ్, ఎన్నిసార్లు కొట్టినా డూప్లికేట్లు పోవట్లేదు" అంటారు. పక్కపక్కన ఉంటేనే అది పోల్చి చూస్తుంది, ముందు సార్ట్ చెయ్యి తల్లీ అంటాను. సార్ట్ చేసినా పోలేదంటే వరస చివర కంటికి కనపడని ఖాళీ ఏదైనా ఉందేమో చూడమంటాను. ఇదే మాట చెప్పీ చెప్పీ కేకలేసిన రోజులు కూడా ఉన్నాయి. నాకు ఓపిక తక్కువని ఆఫీసులో తెలుసు, ఇంట్లో ఇంకా బాగా తెలుసు.

ఇక మా ఇంటి సంగతి. మా వైపు పెద్దకొడుక్కి తాతగారి పేరు పెట్టడం ఆనవాయితీ. మా తాతగారికి ఇద్దరు కొడుకులు, మా పెదనాన్నగారు, మా నాన్న. పెదనాన్నగారు తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకున్నారు. తరవాత నాకు తమ్ముడు పుడితే నాన్న కూడా అదే పేరు పెట్టారు. "మీ అన్నయ్యగారు పెట్టేసేరు గదండీ, ఇంకోటి చూడరాదా" అని ఎవరో అంటే, "ఆయన నాకు మాత్రం నాన్న కాడేంటి?" అని గదమాయించారట. దాంతో ఇద్దరు పిల్లలకి ఇంటిపేరు ఒకటే, పెట్టిన పేరు ఒకటే, ఊరు ఒకటే, పెరడు కూడా ఒకటే. ఇంట్లో వాళ్ళు పెద్దోడు, చిన్నోడు. గడప దాటితే ఒకే పేరుగల ఇద్దరు మనుషులు.

దీనివల్ల పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. బళ్ళో పెద్దోడు చేసిన అల్లరికి చిన్నోడి చెయ్యి వాచింది. రేషను కార్డులో చిన్నోడిని చేర్చడానికి వెళ్తే "ఈ పేరు ఎక్కేసింది గదమ్మా, మళ్ళీ ఎందుకొచ్చేరు" అని అమ్మని వెనక్కి పంపారు. టీకాల దగ్గరా అంతే, ఒకడికి వేసి రెండోవాణ్ణి పొమ్మన్నారు. మా ఊళ్ళో ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఎవరూ వింతగా చూడరు. "ఎవరి కొడుకువిరా?" అని అడిగి తెలుసుకుంటారు, అంతే.

పెద్దోడు ముందు గల్ఫ్ వెళ్ళాడు. పెద్ద పెద్ద భవనాల్లో ఏసీ పైపులు బిగించే పని. కుదురుకున్నాక చిన్నోడికి వీసా పంపించి తీసుకెళ్ళాడు. కంపెనీ ఒకటే, పడుకునే క్యాంపు ఒకటే, గది ఒకటే. అప్పటికే పెదనాన్నగారూ, నాన్నా పోయారు. ఇక్కడ మా వాటాలో అమ్మా, నేనూ మిగిలాం. పక్క వాటాలో పెద్దమ్మ. తోడికోడళ్ళిద్దరూ పొద్దున్నే పెరట్లో పడిన కొబ్బరి మట్ట ఎవరి చెట్టుదని పోట్లాడుకునేవారు. మధ్యాహ్నానికి ఒకరి కూరగిన్నె ఇంకొకరి పొయ్యిగట్టు మీద ఉండేది.

ఆ రోజు పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను ఉంది. "క్యాంపుకి నిప్పంటుకుందంట, ఇదిగో చూడవే, నాకేం అర్థమవట్లేదు" అంది. చూశాను. మంటలు, పొగ, బనియన్లతో పరిగెడుతున్న మనుషులు. ఎవరి మొహమూ కనపడటం లేదు. పెద్దోడికి చేశాను, మోగలేదు. చిన్నోడికి చేశాను, మోగలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏంటి? ఏంటీ?" అని అడుగుతూనే ఉంది. నేను మళ్ళీ మళ్ళీ ఆ రెండు నంబర్లే నొక్కుతున్నాను.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళూ, ఇక్కడి ఇళ్ళవాళ్ళూ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అక్కడ డ్రైవరు పని చేసే ముమ్మిడివరం ఆయన ఒకరు క్యాంపు దగ్గరికి వెళ్ళారు. మంటల్లోంచి బయటపడినవాళ్ళని దగ్గర్లో ఒక హాలులో కూర్చోబెట్టారట. గుమ్మం దగ్గర ఒకతను కాగితం మీద పేరు, ఊరు, గది నంబరు రాసుకుని లోపలికి పంపిస్తున్నాడట. ఆ పేర్లు ఈయన చూసి టైపు చేసి గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. పెట్టిందే తడవుగా జనం మీద పడ్డారు. ఆయన పెట్టినదాన్నే ఇంకొకళ్ళు మళ్ళీ పెట్టేవారు. కొందరు దాన్ని సగం తెంపి పెట్టేవారు. మధ్యలో ఏడుపు బొమ్మలు, దేవుడి పటాలు, "మా ఆయన పేరుందా అండీ, ఎవరైనా చూడండీ" అని రాజోలు నుంచి ఒకావిడ. ఎవరి మనిషి ఉన్నాడో ఎవరు లేడో తెలుసుకోవడానికి వేలితో పైకీ కిందికీ జరుపుతూ అందరూ తల్లడిల్లిపోతున్నారు. అప్పుడు కొత్తపేట వైపు ఒకతను నాకు రాశాడు: "అక్కా, మీరు కంప్యూటరు మనిషి గదండీ. ఇదంతా ఒక పద్ధతిలో పెట్టి ఇవ్వండీ, పుణ్యముంటుంది." ఆయ్, అలాగేనండీ అని రాశాను. పుణ్యం కోసం కాదు. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉంది.

గ్రూపులో ఉన్నదంతా ఒకే ఫైలుగా దింపి లాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఇలాంటి ఫైలుతో ఒక తంటా ఉంది. ఎవరు ఎప్పుడు పెట్టారన్నది ప్రతి సందేశం మొదటి వరసలోనే ఉంటుంది. దాని కింద ఉన్న పేర్లకి ముందు ఏమీ ఉండదు. తొందరపడి తారీకు ఉన్న వరసలే పట్టుకుంటే మనుషులందరూ జారిపోతారు. అందుకని తిరగేసి, గది నంబరు ఉన్న వరసల్నే గ్రెప్‌తో పట్టాను. మాటలూ, దణ్ణాలూ, దేవుళ్ళూ పోయి పేర్లు మిగిలాయి. సార్ట్ చేసి యునీక్‌లోకి పంపాను. అయినా చాలా పేర్లు రెండేసి సార్లు కనపడ్డాయి. ఎందుకో చూడక్కర్లేకుండానే తెలిసింది. కొందరి ఫోన్లు వరస చివర ఒక ఖాళీ వదులుతాయి. కంటికి రెండూ ఒకటే, మిషనుకి రెండూ వేరు. సెడ్‌తో ఆ ఖాళీలన్నీ కోసేసి మళ్ళీ పంపితే ఈసారి శుభ్రంగా వచ్చింది. పేరుకి ఒకే వరస. దాంట్లో మా ఇంటిపేరు కోసం గ్రెప్ కొట్టాను.

ఉంది. ఇంటిపేరు, పేరు, మా ఊరు, వాళ్ళ గది నంబరు.

"అమ్మా, పేరుందే!" అని అరిచాను. అమ్మ అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేసింది. అంతలోనే లేచి చీరకొంగు లాక్కుంటూ పెరట్లోకి పరిగెత్తింది. "అక్కా, పేరుందంట అక్కా!" పెద్దమ్మ "నా తండ్రే, ఉన్నాడా!" అంటూ ఎదురొచ్చింది. ఇద్దరూ కొబ్బరి చెట్ల మధ్య ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. నేను శుభ్రం చేసిన పేర్లు గ్రూపులో పెట్టేసి, గుమ్మంలోకి వచ్చి నిలబడి వాళ్ళని చూస్తున్నాను. అప్పుడు తెలిసింది నాకు. ఒక్క వరస పట్టుకుని ఇద్దరు తల్లులు ఏడుస్తున్నారు.

వెనక్కి వచ్చి పాత ఫైలు తీశాను. ఉద్యోగంలో నేర్చుకున్న మంచి అలవాటు ఒక్కటే, అసలు ఫైలు మీద ఎప్పుడూ చెయ్యి పెట్టను. దాంట్లో మా పేరు కోసం ఎన్నో వరసలో ఉందో కూడా చెప్పేలా గ్రెప్ కొట్టాను. రెండుచోట్ల ఉంది. గుండె ఒక్కసారి తేలికైపోయింది. యునీక్ ఒకణ్ణి మింగేసింది, అంతే! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం అది, దాన్ని నమ్ముకోవడం నా బుద్ధితక్కువ అనుకున్నాను. లేచి పెరట్లోకి వెళ్ళి ఇద్దరూ ఉన్నారని చెప్పబోయాను.

కానీ పాడు అలవాటు, కూర్చోబెట్టేసింది. ఒకే పేరు రెండుసార్లు కనపడగానే ఇద్దరు మనుషులనుకునేదాన్నయితే నాకు ఈ ఉద్యోగమే ఉండేది కాదు. సార్ట్ చేస్తే పేర్లు వాటి ఇరుగుపొరుగుని పోగొట్టుకుంటాయి. అసలు ఫైల్లో మాత్రం ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో అలాగే ఉంటుంది. మా పేరుకి పైనున్న వరసా, కిందనున్న వరసా చూపించమన్నాను. మొదటిచోట పైన రాజోలు అతను, కింద ఉప్పలగుప్తం అతను. రెండోచోట కూడా పైన ఆ రాజోలు అతనే, కింద ఆ ఉప్పలగుప్తం అతనే. ఆ రెండు ముక్కల్నీ విడివిడిగా కోసి డిఫ్ కొట్టాను. డిఫ్ అనేది రెండు ఫైళ్ళని పోల్చి, తేడా ఉంటేనే మాట్లాడుతుంది. తేడా లేకపోతే నోరు మెదపదు. దాని మౌనం కోసం ఆఫీసు పనిలో ఎన్నోసార్లు ఎదురుచూశాను. ఆ రోజు మాత్రం ఒక్క అక్షరమైనా తేడా చూపించమని మొక్కుకున్నాను. అది ఏమీ అనలేదు. ఒకే సందేశాన్ని ఎవరో రెండోసారి పెట్టారు. పేరు ఒక్కటే, మనిషి ఒక్కడే.

ముమ్మిడివరం ఆయనకి రాశాను. ఆ పేరుతో ఇద్దరుంటారండీ, ఒకసారి కనుక్కోండీ అని. ఆయన పాపం వెంటనే జవాబిచ్చారు. "కాగితంలో ఒకరేనండీ. రాసినతను వెళ్ళిపోయేడండీ. లోపలున్నవాళ్ళని కూడా వేరేచోటికి మార్చేసేరండీ, మమ్మల్ని రానివ్వట్లేదు." ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఆ ఒక్క వరస మా చిన్నోడిది కావాలని అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, అనుకున్నాను. అనుకున్న మరుక్షణం పెద్దోడు గుర్తొచ్చాడు. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాలవగట్టంట కాలేజీకి దింపినవాడు, నా పెళ్ళి కుదరక ఇంట్లో అందరూ సణుగుతుంటే "అక్కని వదిలెయ్యండి" అని ఒక్కడే అన్నవాడు. ఆ వరస చిన్నోడిదైతే పెద్దోడు లేనట్టే. అది తెలిసీ మళ్ళీ అదే కోరుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా కోరిక పోలేదు.

పెద్దమ్మ మొహం కడుక్కుని లోపలికి వచ్చింది. వెనకాలే అమ్మ. "ఏమే, రెండు పేర్లూ నీ కళ్ళతో చూసేవా?" అని అడిగింది పెద్దమ్మ. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"ఒకటే ఉంది పెద్దమ్మా."

ఏది అని ఇద్దరూ అడగలేదు. అడగడానికి ఏముంది, ఉన్నది ఒకే పేరు. పెద్దమ్మ వెళ్ళి అరుగు మీద ఒక చివర కూర్చుంది. అమ్మ ఇంకో చివర కూర్చుంది. రెండిళ్ళలోనూ పొయ్యి వెలిగించలేదు. ఎండ నడినెత్తికొచ్చాక పెరట్లో పెద్ద చప్పుడుతో మట్ట ఒకటి పడింది. సరిగ్గా రెండు వాటాల మధ్య. ఇద్దరూ దాని వైపు చూశారు. వాళ్ళు పోట్లాడుకుంటే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నం తిరిగాక నా ఫోను మోగింది. ఎప్పుడూ చూడని నంబరు. ఇద్దరూ లేచి వచ్చి చెరో పక్కా నిలబడ్డారు. స్పీకరు పెట్టాను.

"అక్కా" అంది గొంతు. పొగ పట్టి బొంగురుపోయిన గొంతు, వెనక గోల. పిల్లలిద్దరూ నన్ను అక్కా అనే పిలుస్తారు.

"ఎవర్రా?"

"నేనక్కా" అని పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, మొత్తం పేరు. పొద్దుటినుంచీ కనపడిన ప్రతి ఆఫీసరుకీ అదే చెప్పి ఉంటాడు, నోటికి అదే వచ్చేసింది. మా తాతగారి పేరు.

ఒకవైపు అమ్మ ఊపిరి నా భుజానికి తగులుతోంది. ఇంకోవైపు పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అడిగితే ఇద్దరిలో ఒకరిని నా నోటితోనే చంపినట్టు. అడక్కుండా ఉండటానికీ లేదు. ఊళ్ళో అందరూ మావాళ్ళని నవ్వుతూ అడిగే మాటే అడిగాను.

"ఎవరి కొడుకువిరా?"

"అదేంటక్కా... పెద్దోణ్ణి. అక్కా, విను, చి..." లైను తెగిపోయింది.

వెంటనే అదే నంబరుకి చేశాను, కలవలేదు. అమ్మ నేల మీద కూలబడింది. చెయ్యి చాపి పెద్దమ్మ పాదం పట్టుకుంది. పట్టుకుని, "పోన్లే అక్కా, ఒకడు దక్కేడు" అంది. మా అమ్మ అంత మాట అనగలదని నాకు తెలీదు. నేనైతే అనలేను.

పెద్దమ్మ మండిపడింది. "నోర్ముయ్యి! నా కొడుకు నీ కొడుకుని వదిలేసి వచ్చే రకం కాడు. వీడు ఫోను చేసేడంటే వాడూ ఉన్నాడు. మళ్ళీ చేస్తాడు, చూస్తూ ఉండు." ఏడుస్తున్న అమ్మని రెక్క పుచ్చుకు లేపి అరుగు మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది. తన కొడుకు బతికున్నాడని తెలిసి కూడా ఆవిడ మొహంలో సంతోషమన్నది లేదు. రెండో ఫోను వచ్చేదాకా రానివ్వలేదు.

వచ్చింది. ఈసారి పెద్దోడు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. "చిన్నోడు ఆస్పత్రిలో ఉన్నాడక్కా. చేతులు కాలేయి, పొగ బాగా మింగేసేడు. నేనే అంబులెన్సు ఎక్కించేను. ఇప్పుడే చూసొచ్చేను, మాట్లాడేడు. పిన్నికి చెప్పు, మాట్లాడేడని చెప్పు."

"మరి పేరు లేదేంట్రా? పొద్దుటినుంచీ చచ్చిపోయేం ఇక్కడ."

"చెప్పేనక్కా! గుమ్మం దగ్గర నా పేరు చెప్పేను, రాసుకున్నాడు. ఆస్పత్రికెళ్ళినోడిది కూడా రాయమని వాడి పేరూ చెప్పేను. ఇప్పుడే రాసేనుగా, ఎన్నిసార్లు చెప్తావు అన్నాడు. ఇద్దరం బాబూ, ఇద్దరిదీ ఒకటే పేరంటే, పొగ తలకెక్కింది పాపం అని నన్ను లోపల పడుకోబెట్టేడు."

అమ్మా, పెద్దమ్మా అప్పుడు ఏడ్చిన ఏడుపు పొద్దుటి ఏడుపులాంటిది కాదు. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ఆ కాగితం పట్టుకున్నవాణ్ణి ఎదురుగా ఉంటే నమిలేసేదాన్ని. తరవాత లాప్‌టాప్ వైపు చూస్తే ఆ కోపం నిలబడలేదు. వాడు గుమ్మంలో కూర్చుని చేసిందే నేను రోజూ జీతం తీసుకుని చేస్తాను.

చిన్నోడి కుడిచేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పైపులు బిగించే పని ఇక లేదు. పెద్దోడు పలకరింపుగా ఫోను చేసినప్పుడల్లా నాకు ఆ పూట నేను కోరుకున్నది గుర్తొస్తుంది. వాడితో పొడిపొడిగా మాట్లాడి అమ్మకిచ్చేస్తాను. పెద్దమ్మ ఒకటి రెండుసార్లు "ఏమైందే నీకు?" అని అడిగింది కూడా.

ఆ సాయంత్రం మాత్రం ఒక పని చేశాను. శుభ్రం చేసిన ఆ ఫైలు తీసి, ఎకో అనే కమాండుతో మా పేరు ఇంకోసారి రాసి, రెండు బాణం గుర్తులు పెట్టి దాని చివర చేర్చాను. బాణం ఒక్కటే పెడితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, రెండు పెడితే ఉన్నదానికి చేరుతుంది. సార్ట్ చెయ్యలేదు, యునీక్ జోలికి పోలేదు. అలాగే గ్రూపులో పెట్టాను. పక్కన పెద్దమ్మ మా వంటింట్లోంచి తెచ్చుకున్న అన్నం కలుపుకుంటూ తెర వైపు చూస్తోంది.

కాసేపటికి పొద్దున్న నన్ను పని అడిగిన కొత్తపేట అతనే రాశాడు. "అక్కా, చివర్లో ఈ పేరు రెండోసారి పడిందండీ. ఒకటి తీసెయ్యండీ."

పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ముద్ద దించింది.

"ఇద్దరని రాయవే" అంది.

రాశాను.